ఫోన్-ఇన్: రాయిలా బిగుసుకున్న బ్రేక్ పెడల్

యాంకర్: కాజీపేట నుంచి ఒక శ్రోత లైన్‌లో ఉన్నారు. చెప్పండి సార్.

కాలర్: నమస్తే మేడమ్, నమస్తే అన్నా. మా నాన్న కొన్న కాంటెస్సా కారు ఉంది, పెట్రోల్ బండి. నెల రోజుల నుంచి బ్రేక్ పెడల్ రాయిలా ఉంటోంది. బలమంతా పెట్టి తొక్కితే గానీ ఆగదు. బ్రేక్ ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ మార్పించినా అంతే. ఇప్పుడేమో కాలి బలానికి సాయపడే బ్రేక్ బూస్టర్ పోయిందంటున్నారు.

మెకానిక్: తమ్ముడూ, మాస్టర్ సిలిండర్ లోపల లీకైతే పెడల్ మెల్లగా కిందికి జారుతుంది. బ్రేక్ ఆయిల్ లైన్లో గాలి ఉంటే స్పాంజిలా మెత్తగా ఉంటుంది. ఇంత గట్టిగా ఉందంటే ముందు వాక్యూమ్ చూడాలి, అంటే ఇంజన్ గాలి పీల్చే బలం బూస్టర్‌కు అందుతోందా లేదా అని. పాత సిలిండర్ పారేశారా?

కాలర్: లేదన్నా, డిక్కీలోనే ఉంది.

మెకానిక్: దాచిపెట్టు. ఆ బండి తయారీ 2002లోనే ఆగిపోయింది. బండి దగ్గరే ఉన్నావా? న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేక్ వెయ్యి. ఇంజన్ ఆపి పెడల్ ఐదారుసార్లు తొక్కు. చివరిసారి తొక్కిపట్టి స్టార్ట్ చెయ్యి. కాలి కింద పెడల్ కొంచెం దిగాలి.

కాలర్: అస్సలు దిగలేదన్నా.

మెకానిక్: ఇంజన్ నడవనీ. బానెట్ ఎత్తి, ఇంజన్‌లోకి గాలి పోయే గొట్టం, మానిఫోల్డ్ నుంచి బూస్టర్‌కు పోయే రబ్బరు పైపు చూడు. ఫ్యాన్ దగ్గర చెయ్యి పెట్టకు.

కాలర్: అన్నా... వంపు దగ్గర పైపు నొక్కుకుపోయింది! పోయిన నెల కార్బురేటర్ పని చేసినప్పుడు పెట్రోల్ పైపు ముక్క వేశారు.

మెకానిక్: అదే! ఇంజన్ గాలి పీల్చేసరికి ఆ పలచటి పైపు లోపలికి అతుక్కుపోతోంది. ఇక బూస్టర్‌కు సాయం ఎక్కడిది? మందపాటి వాక్యూమ్ పైపే వేయించు. మధ్యలో వన్-వే వాల్వ్ ఉంటుంది, విప్పి నోటితో ఊదు. బూస్టర్ వైపు నుంచి గాలి పోవాలి, ఇంజన్ వైపు నుంచి పోకూడదు. అన్నీ బిగించి ఇదే టెస్ట్ మళ్లీ చెయ్యి. అప్పుడూ దిగక, పెడల్ దగ్గర 'స్స్' అని గాలి చప్పుడొస్తే బూస్టర్ లోపలి రబ్బరు పొర, డయాఫ్రమ్ చిరిగినట్టు.

కాలర్: ఆదివారం అమ్మను వేములవాడ తీసుకుపోదామనుకున్నా అన్నా.

మెకానిక్: ఈ బ్రేకుతో వద్దు తమ్ముడూ. అడ్డంగా ఒక పిల్లాడు ఉరికొస్తే నీ కాలి బలం సరిపోదు. అమ్మను బస్సులో తీసుకుపో, రాజన్న ఏమీ అనుకోడు.

కాలర్: సరే అన్నా. పైపు ముక్క కోసుకుని ఇప్పుడే వరంగల్ పోతా, అదే సైజు తెస్తా.

మెకానిక్: క్లిప్పులు కూడా కొత్తవి తీసుకో.