పని కదలదు, మనమే కదులుతాం

అందరికీ నమస్కారం.

ప్రపంచం తిరుగుతూ ఉద్యోగం చేసుకోవడం ఎలా మొదలుపెట్టాలో చెప్పమన్నారు నన్ను. ఈ మాట అనగానే అందరికీ గుర్తొచ్చే ఫొటో ఒకటుంది: బీచ్, కొబ్బరిచెట్టు, ఒళ్ళో లాప్‌టాప్. ఆ ఫొటోలో ఉన్నవాళ్ళు అక్కడ కూర్చుని పని చేశారంటే మాత్రం నేను నమ్మను. ఎండలో స్క్రీన్ కనబడదు, ఇసుక కీబోర్డులోకి దూరుతుంది, పావుగంటకే మెడ పట్టేస్తుంది. దాన్ని అలా ఉంచి అసలు సంగతిలోకి వెళ్దాం.

చాలామంది ముందు దేశం ఎంచుకుంటారు, తర్వాత టికెట్లు చూస్తారు, అన్నీ అయ్యాక పని గురించి ఆలోచిస్తారు. నా లెక్కలో ఇది తిరగేసిన వరస. మీరు ఏ ఊళ్ళో ఉన్నా మీ పని ఉన్నచోటే ఉంటుంది. దాని మీటింగులు, దాని గడువులు, దాని మనుషులు ఎక్కడికీ కదలరు. మీరు తిరుగుతున్న సంగతి పనికి తెలియకూడదు. కంపెనీకి మాత్రం తెలియాలి. ఈ రెండూ కుదిరితే మిగతాదంతా సర్దుకుంటుంది.

కంపెనీకి చెప్పకుండా వెళ్ళిపోదాం, మనం ఎక్కడున్నామో దాచే వీపీఎన్ పెట్టుకుంటే ఎవరికి తెలుస్తుంది అనుకునేవాళ్ళు ప్రతి సభలోనూ ఉంటారు. ఇప్పుడూ ఇద్దరు ముగ్గురు నవ్వుతున్నారు, చూస్తున్నాను. లాగిన్ ఎక్కడి నుంచి అయ్యారో ఐటీ వాళ్ళకి ఇట్టే దొరుకుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు పన్నులది. మీరు ఒక దేశంలో కూర్చుని చాలాకాలం పని చేస్తే, మీ కంపెనీకి అక్కడ వ్యాపార స్థావరం ఉందని, పన్ను కట్టాలని ఆ దేశపు పన్ను శాఖ అనవచ్చు. హెచ్‌ఆర్ వాళ్ళు ఇంటి నుంచి పనికి ఒప్పుకుని, విదేశం అనగానే తల అడ్డంగా ఊపడానికి ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి. అందుకే 'రిమోట్' అన్న ఉద్యోగ ప్రకటనల్లో చాలావాటికి అర్థం 'మా దేశం లోపల ఎక్కడైనా' అనే. ఆఫర్ తీసుకునే ముందే ఈ ఒక్క ప్రశ్న అడగండి. ఏ దేశాల నుంచి, ఏడాదికి ఎన్ని రోజులు పని చేయవచ్చో మెయిల్‌లో రాయించుకోండి. నోటిమాటగా ఒప్పుకున్న మేనేజర్ రేపు వేరే టీమ్‌కి మారిపోవచ్చు.

పన్ను అన్నాను కదా, 183 రోజులన్న మాట మీరు వినే ఉంటారు. చాలా దేశాలు ఏడాదిలో అన్ని రోజులు దాటితే మిమ్మల్ని తమ పన్ను పరిధిలోకి లెక్కేసుకుంటాయి. అలాగని 182వ రోజున బ్యాగు సర్దుకుంటే అంతా క్షేమం అనుకోవద్దు. కొన్ని దేశాలు రోజులతో పాటు మీ ఇల్లు, కుటుంబం, సంపాదన ఎక్కడున్నాయో కూడా చూస్తాయి. ఇక్కడ ఒక్కసారి నిపుణుడికి ఫీజు కట్టడం దండగ ఖర్చు కాదు.

ఇక వీసా. టూరిస్టు వీసా మీద లాప్‌టాప్ తెరవవచ్చా అంటే ఒక్కో దేశానిది ఒక్కో దారి, కొన్ని దేశాల్లో అయితే స్పష్టత కూడా లేదు. 2020లో పరిస్థితి కొంత మారింది, వేరే దేశపు ఉద్యోగాన్ని తమ దగ్గర కూర్చుని చేసుకోనిచ్చే వీసాలు కొన్ని దేశాలు తెచ్చాయి. ఆ జులైలో బార్బడోస్ 12 నెలల 'వెల్‌కమ్ స్టాంప్' తెచ్చింది, ఆగస్టులో ఎస్టోనియా డిజిటల్ నోమాడ్ వీసా మొదలుపెట్టింది. ఆ తర్వాత క్రొయేషియా, పోర్చుగల్, స్పెయిన్ వరసకట్టాయి. థాయ్‌లాండ్ 2024లో తెచ్చిన డీటీవీ వీసా అయిదేళ్ళు చెల్లుతుంది, వచ్చిన ప్రతిసారీ 180 రోజుల వరకు ఉండనిస్తుంది. అదే ఏడాది జపాన్ ఇచ్చినది 6 నెలలకే. దానికి ఏడాదికి కోటి యెన్ల ఆదాయం చూపించాలి, పైగా అన్ని దేశాల పాస్‌పోర్టులకీ అది దొరకదు. ఈ షరతులు తరచూ మారుతుంటాయి. యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని కాకుండా, ఆ దేశపు ఎంబసీ సైటులో ఆ వారం ఏం రాసి ఉందో చూడండి.

యూరప్ వెళ్ళేవాళ్ళు ఎక్కువగా పొరబడే లెక్క ఒకటుంది. షెంగెన్ దేశాల్లో, అంటే సరిహద్దు తనిఖీ లేకుండా ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్ళగలిగే యూరప్ దేశాల్లో, తక్కువకాలపు బసకి 180 రోజుల్లో 90 రోజులే. ఆ 90 రోజులు అన్ని షెంగెన్ దేశాలకీ కలిపి. ఇటలీలో 60 రోజులు ఉంటే ఫ్రాన్సుకి మిగిలేది 30. ఆ 180 రోజులు కూడా జనవరి నుంచో, మీరు దిగిన రోజు నుంచో మొదలు కావు. మీరు అక్కడున్న ఏ రోజు తీసుకున్నా, ఆ రోజు నుంచి వెనక్కి 180 రోజులు లెక్కపెడతారు. ఒకరోజు బయటికి వెళ్ళి తిరిగొస్తే లెక్క సున్నా అవుతుందనుకోవడం ఉత్త భ్రమ.

నన్నడిగితే వీసా కన్నా మనిషిని ఎక్కువ అలసగొట్టేది గడియారం. మీ టీమ్ లండన్‌లో పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా పని చేస్తుందనుకుందాం. చలికాలంలో మీరు బాలిలో ఉంటే మీ డ్యూటీ సాయంత్రం అయిదుకి మొదలై రాత్రి ఒంటిగంటకి ముగుస్తుంది. పగలంతా తిరగవచ్చు, కొందరికి ఇది హాయి. అదే మెక్సికో సిటీలో ఉంటే తెల్లవారుజామున మూడింటికి లేవాలి. వారం రోజులు హుషారుగా లేస్తారు, రెండో వారం నుంచి మనిషి మనిషిలా ఉండడు. దీనికి తోడు గడియారాలు మార్చే గొడవ. వేసవి కోసం అమెరికా మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరుపుతుంది, యూరప్ మార్చి ఆఖరి ఆదివారం దాకా ఆగుతుంది. ఆ రెండు మూడు వారాలు న్యూయార్క్‌కీ లండన్‌కీ మధ్య తేడా అయిదు గంటలు కాదు, నాలుగే. క్యాలెండరులో మీటింగ్ పెట్టినవాళ్ళు ఏ ఊరి టైమ్‌కి పెట్టారో చూసుకోకపోతే, మీరు కాల్‌లోకి వచ్చేసరికి అందరూ బై చెప్పుకుంటూ ఉంటారు. అందుకే ఊళ్ళ జాబితా రాసుకునేటప్పుడు ప్రతి ఊరి పక్కనా మీ మొదటి మీటింగ్ అక్కడ ఎన్ని గంటలకో రాయండి. సగం ఊళ్ళు వాటంతట అవే ఎగిరిపోతాయి.

గది తీసుకునేటప్పుడు 'వైఫై ఉంది' అన్న మాట దేనికీ పనికిరాదు. స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్ పంపమని యజమానిని అడగండి. అందులో డౌన్‌లోడ్ అంకె కాదు, అప్‌లోడ్ అంకె చూడండి. వీడియో కాల్‌లో మీ ముఖం అవతలివాళ్ళకి చేరేది దానిమీదే. ఫొటోల్లో బల్ల, కుర్చీ వెతకండి. డైనింగ్ టేబుల్ ముందు ఎత్తు స్టూలు మాత్రమే కనిపిస్తే, నెలాఖరుకి నడుం ఏమవుతుందో ఊహించుకోండి. వైఫై పోతే వాడుకోవడానికి ఫోన్‌లో స్థానిక ఈసిమ్, అంటే కార్డు లేకుండా ఫోన్లోనే ఎక్కించుకునే సిమ్, ఉంచుకోండి.

అందరూ మర్చిపోయేది ఓటీపీ. బ్యాంకు లాగిన్‌కి, ఆఫీసు మెయిల్‌కి కోడ్ వచ్చేది మీ పాత నంబరుకే. ఆ సిమ్ ఇంట్లో సొరుగులో ఉంటే మీ డబ్బు మీకే అందదు. బయల్దేరే ముందే రోమింగ్‌లో ఎస్‌ఎమ్‌ఎస్ వస్తుందో లేదో కనుక్కోండి, కుదిరినచోటల్లా సిమ్ లేకుండానే ఫోన్లో కోడ్ చూపించే అథెంటికేటర్ యాప్‌కి మారండి, బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి ఫోన్ లేని బ్యాగులో పెట్టండి. కార్డులు కూడా రెండు, రెండు చోట్ల.

సామాన్ల గురించి పెద్దగా చెప్పను, తక్కువైతే మంచిది. పవర్‌బ్యాంక్ మాత్రం చెక్-ఇన్ బ్యాగులో పెట్టకూడదు, చేతిబ్యాగులోనే. దాని బ్యాటరీ సామర్థ్యం 100 వాట్-అవర్ దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. మామూలుగా దొరికే 20,000 ఎంఏహెచ్‌ది దాదాపు 74 వాట్-అవర్లే, టెన్షన్ అక్కర్లేదు.

ఇన్సూరెన్స్ పాలసీ తీసుకుంటే చదవండి, ముఖ్యంగా స్కూటర్ గురించి రాసిన పేరా. ఆ దేశంలో చెల్లే లైసెన్స్ లేకుండా బండి నడిపి పడితే, చాలా పాలసీలు ఆస్పత్రి ఖర్చు ఇవ్వవు.

వేగం సంగతి. వారానికో దేశం అనేది సెలవుల్లో చేసే పని. ఉద్యోగంతో అయితే ఒక్కోచోట కనీసం నెల ఉండండి. ఎక్కడ కూరగాయలు కొనాలి, ఏ గదిలో సిగ్నల్ బాగుంది, పక్కింటి కుక్క ఎప్పుడు మొరుగుతుంది, ఇవన్నీ తెలిసేసరికే వారం పడుతుంది. నెలవారీ అద్దె కూడా రోజువారీ కన్నా తగ్గుతుంది. ప్రయాణం శుక్రవారం రాత్రో శనివారమో పెట్టుకోండి. ఆదివారం అర్ధరాత్రి దిగి, సోమవారం పొద్దున్నే కాల్‌లో కూర్చోవడం ఎంత గట్టివాళ్ళకైనా కష్టమే.

మొదలు ఎక్కడ అంటే, విదేశంలో వద్దు. ముందు మీ దేశంలోనే, తెలిసినవాళ్ళెవరూ లేని ఊళ్ళో ఒక నెల గది తీసుకుని పని చేయండి. నెట్ పోయినప్పుడు ఏం చేశారు, సాయంత్రాలు ఒంటరిగా అనిపించిందా, మేనేజర్‌కి ఏమైనా తేడా తెలిసిందా, ఇవన్నీ అక్కడే బయటపడతాయి. అది కుదిరాక ఒక దేశం, అదీ మీ టీమ్ గడియారానికి దగ్గర్లో ఉన్నది ఎంచుకోండి. చేతిలో మూడు నెలల ఖర్చు, తిరుగు టికెట్ డబ్బు విడిగా ఉండాలి.

ఇక మీ ప్రశ్నలు. ఫ్రీలాన్సర్లు ముందు చేయెత్తండి, మీ పన్నుల కథ వేరే ఉంటుంది కాబట్టి దానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది.