సిరిమాను కనిపించే మేడ

(చర్చా కార్యక్రమం నుంచి. విజయనగరంలోని పాత ఆఫీసు మేడల గురించి మాట్లాడినవారు: రిటైరైన సివిల్ ఇంజనీరు, చరిత్ర లెక్చరర్, పాత మేడలో టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ నడిపిన మాస్టారు.)

యాంకర్: నమస్కారం. మాస్టారూ, ముందు మీతోనే. మూడు లాంతర్ల కూడలి వైపున్న ఆ మేడలోకి మీరెప్పుడొచ్చారు?

మాస్టారు: 1981లో అమ్మా. అప్పటికి జిల్లా ఏర్పడి రెండేళ్ళు. 1979 జూన్ 1న కదా జిల్లా వచ్చింది. కొత్త ఆఫీసులు, కొత్త ఉద్యోగాలు. టైపు లోయరు, హయ్యరు పాసవ్వాలని పిల్లలు పొద్దున్న ఆరింటికే మెట్లమీద కూర్చునేవారు. పైన నాకు రెండు గదులు, కింద ఒక సర్కారు ఆఫీసు. పన్నెండు మిషన్లు ఒక్కసారి మోగితే కింద గుమాస్తా గారు కర్రతో పైకప్పు మీద పొడిచేవారు.

యాంకర్: మీకు ముందు ఎవరుండేవారు?

మాస్టారు: అది గుమ్మమే చెప్పింది. రంగు వేయిద్దామని పాతది గీకిస్తే, గుమ్మం పైన నల్లటి అక్షరాలు బయటపడ్డాయి: ‘గోగునార కమీషన్’ అని. దాని కింద ఇంకో పొర, సగం చెరిగిపోయిన ‘వకీలు’. ఆ చెక్కమీద మళ్ళీ రంగు వేయనివ్వలేదు నేను.

లెక్చరర్: మాస్టారు చెప్పిన ఆ రెండు పొరల్లో ఈ ఊరి చరిత్ర ఉందండి. జమీందారీ కాలంలో భూమి తగాదాలు, శిస్తు వ్యవహారాలు, వాటి చుట్టూ వకీళ్ళు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక జమీను కచేరీలకు పని పోయింది. అప్పట్లో ఈ చుట్టుపక్కల గోగు పంట ఉండేది, నెల్లిమర్లలో నార మిల్లు ఉండేది. ఖాళీ అయిన గదుల్లోకి కమీషన్ మీద నార అమ్మిపెట్టే వ్యాపారులు వచ్చారు. జిల్లా అయ్యాక సర్కారు ఆఫీసులు. తరవాత చిట్‌ఫండ్లు, కంప్యూటర్ సెంటర్లు, ఇప్పుడు సెల్‌ఫోన్ షాపులు.

యాంకర్: ఇంజనీరు గారూ, ఇంతమందిని ఆ కట్టడం ఎలా మోసింది?

ఇంజనీరు: పైకప్పు మద్రాసు టెర్రస్. టేకు దూలాలు, వాటిమీద పలచటి ఇటుకలు. పడుకోబెట్టరు, అంచుమీద నిలబెట్టి ఐమూలగా పేరుస్తారు. పైన సున్నం, ఇటుక ముక్కల కాంక్రీటు వేసి, కరక్కాయ, బెల్లం ఊరిన నీళ్ళు చల్లుతూ రోజుల తరబడి కొడతారు. గోడలు రెండడుగుల మందం, గానుగ సున్నం. ఎత్తు పదమూడు, పద్నాలుగు అడుగులు. వేడిగాలి పైకి పోయి వెంటిలేటర్లోంచి బయటికెళ్తుంది. మే నెలలో కూడా లోపల కూర్చుని పని చేసుకోవచ్చు.

మాస్టారు: నిజం. ఒక్క ఫ్యానుతో సరిపోయేది.

ఇంజనీరు: పాడుచేసింది కాలం కాదండి, సిమెంటు. సున్నపు గోడ చెమ్మని పీల్చుకుంటుంది, మళ్ళీ వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూసేసరికి చెమ్మ లోపలే ఉండిపోయింది. ఉప్పు పేలి పెచ్చులు ఊడుతున్నాయి. ఊడిన చోటల్లా మళ్ళీ సిమెంటే పూస్తున్నారు! అన్నిటికన్నా నా భయం దూలం చివర్లు. గోడలోకి దూరిన ఆ అడుగు మేర మనకి కనబడదు. పుచ్చేది అక్కడే.

యాంకర్: హుద్‌హుద్ తుఫానుని తట్టుకుంది కదా?

ఇంజనీరు: 2014 అక్టోబరులో చుట్టూ రేకులు ఎగిరిపోయాయి, ఇది నిలబడింది. గాలికి నిలబడినంత మాత్రాన చెమ్మకి నిలబడుతుందని కాదు.

యాంకర్: మరి యజమానులు పడగొట్టి కాంప్లెక్స్ కట్టుకుంటామంటున్నారు. వాళ్ళదీ న్యాయమే కదా?

లెక్చరర్: న్యాయమే. పాత అద్దెలు సున్నం ఖర్చుకి కూడా చాలవు. అందుకే వాళ్ళని తిట్టి లాభం లేదు, ఇంటిపన్నులో మినహాయింపు ఇవ్వాలి, మరమ్మతుకి తక్కువ వడ్డీ అప్పు ఇవ్వాలి. మ్యూజియం చెయ్యమని మాత్రం నేను అడగను. మన కోట చూడండి. 1713లో కట్టారు. 1958లో రాజవంశానికి చెందిన పి.వి.జి. రాజు గారు మాన్సాస్ అనే విద్యా ట్రస్టు పెట్టి కోటని చదువులకి ఇచ్చారు. రోజూ పిల్లలు నడిచే చోట గోడకి రావిమొక్క మొలిస్తే ఎవరో ఒకరు చూస్తారు. ఎనిమిది పలకల గంటస్తంభం 1885 నుంచి ఉంది, 68 అడుగులు. దాన్ని అందరూ ఫొటో తీస్తారు. పక్కనున్న మేడలకి ఆ అదృష్టం లేదు. వాటిలో మనుషులు మసలాలి, అంతే.

మాస్టారు: నేను ఖాళీ చేసి ఆరేళ్ళయింది. పై గదులు అప్పట్నుంచి మూతే. పిట్టగోడలోంచి రావిమొక్క నా ఎత్తు పెరిగింది. చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

యాంకర్: పైడితల్లమ్మ పండగలో పూజారిని పొడవాటి మాను చివర కూర్చోబెట్టి ఊరేగించే సిరిమాను రోజున మాత్రం తెరుస్తారటగా?

మాస్టారు: ఏటా. పైడితల్లమ్మ గుడి నుంచి కోట దాకా మాను మూడుసార్లు తిరుగుతుంది, మా వరండాలోంచి బాగా కనిపిస్తుంది. పాత విద్యార్థులు పిల్లాపాపలతో వస్తారు. యాభై, అరవై మంది.

ఇంజనీరు: యాభై మందా? ఆ వరండా మీదా? (కాసేపు మౌనం) మాస్టారూ, అది నాకు టెన్షన్ పెట్టే మాట. అందరూ ఒకే వైపు, పిట్టగోడ దగ్గరికి వంగుతారు. బరువంతా దూలం చివరికే వస్తుంది.

మాస్టారు: రానివ్వొద్దంటారా?

ఇంజనీరు: ముందు చూడనివ్వండి. సుత్తితో కొడితే గట్టి టేకు ఖంగుమంటుంది, పుచ్చినది బొదబొద అంటుంది. చివర్లు పాడైతే ఆ ముక్క తీసేసి కొత్త టేకు అతికి, ఇనప బద్దీలు వెయ్యొచ్చు. మేడ మొత్తం విప్పక్కర్లేదు. రావిమొక్కని లాగొద్దు, గోడ ఊడొస్తుంది. మొదలు కోసి వేరు చంపాలి.

లెక్చరర్: నేనూ వస్తాను. ఆ గుమ్మం చెక్క ఫొటో తీసుకోవాలి.

మాస్టారు: పైగది తాళం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆదివారం పొద్దున్నే రండి, ఎండెక్కకముందు.

ఇంజనీరు: సుత్తి, టార్చిలైటు తెస్తాను. మీరు నిచ్చెన చూడండి.