తలుపు తీసిన ఇళ్లే లెక్కకొస్తాయి

అందరికీ నమస్కారం. ముందే ఒక మాట చెప్పేస్తాను. బిట్‌కాయిన్ ఇప్పుడు కొంటే ఉగాదికి ఎంతవుతుందని అడగడానికి వచ్చినవాళ్లు లీలామహల్ సర్కిల్‌కి వెళ్లి టీ తాగొచ్చు, నేనేమీ అనుకోను. లాభం మీద 30 శాతం పన్ను, అమ్మినప్పుడు 1 శాతం టీడీఎస్ 2022లో వచ్చాయి. డబ్బు వైపు నుంచి నేను చెప్పగలిగింది అంతే. నా మాటంతా ఆ నాణెం కింద పరుచుకున్న నెట్‌వర్క్ గురించి.

బ్యాంకు సర్వర్ ఆగిపోతే అడగడానికి బ్యాంకు ఉంది. కరెంటు పోతే సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేస్తాం. బిట్‌కాయిన్‌కి ఆఫీసే లేదు. 2009 జనవరి 3న మొదటి బ్లాక్, అంటే లావాదేవీల చిట్టాలో మొదటి పేజీ, పుట్టింది మొదలు, అది ఎవరింట్లో వాళ్లు నడుపుకునే కంప్యూటర్ల మీదే బతుకుతోంది. వాటినే నోడ్‌లు అంటాం. అవి ఎన్ని ఉన్నాయి, బాగున్నాయా, ఎవరైనా కావాలని గెలుకుతున్నారా? చెప్పాల్సిన డ్యూటీ ఎవరికీ లేదు. అందుకే ఎవరికి వాళ్లు చూసుకోవాలి, చూసింది పదిమందికీ చూపించాలి.

నా నోడ్ ఒక పాత లాప్‌టాప్, బీరువా మీద ఉంటుంది. "రాత్రంతా మిణుకు మిణుకుమంటా ఉండాదే, కరెంటు బిల్లు ఎవురు కడతారబ్బా?" అని మా అమ్మ అడుగుతూనే ఉంటుంది. అది చేసేది సింపుల్. తనంతట తాను పది నోడ్‌లకు కనెక్ట్ అవుతుంది. అందులో ఎనిమిది అన్నీ చెప్పుకుంటాయి, రెండు బ్లాకుల కోసం మాత్రమే. బయటివాళ్లు వచ్చి తలుపు తడితే వాళ్లనూ చేర్చుకుంటుంది. అన్నీ కలిపి మామూలుగా 125 దాటవు. కొత్త లావాదేవీ వచ్చినా, కొత్త బ్లాక్ వచ్చినా పక్కవాడికి చెబుతుంది, వాడు ఇంకొకడికి. మామిడి సీజన్లో దామలచెరువు మండీలో తోతాపురి రేటు పడిందంటే ఊరూరికీ కబురు ఎలా పాకుతుందో, అచ్చం అలాగే.

దీన్ని గమనించడానికి రెండు దారులున్నాయి. చిత్తూరు రోడ్డు మీద వెళ్తే గాదంకి వస్తుంది కదా, అక్కడ వాతావరణ పరిశోధనకు పెద్ద రాడార్ ఉంది. పొలమంత జాగాలో 1024 యాంటెన్నాలు. పైకి తరంగాన్ని పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని బట్టి గాలి సంగతి చెబుతారు. నెట్‌వర్క్‌ను వెతుక్కుంటూ తిరిగే క్రాలర్ అనే ప్రోగ్రామ్ చేసేది అదే పని. ఒక్కో నోడ్ దగ్గరికి వెళ్లి "నీకు తెలిసిన అడ్రసులు ఇవ్వు" అంటుంది, ఆ అడ్రసులకు వెళ్లి మళ్లీ అదే అడుగుతుంది. ఒక్క మెసేజ్‌లో 1000 అడ్రసుల దాకా వస్తాయి. బిట్‌నోడ్స్ అనేది ఇలాంటిదే, దాని కోడ్ ఎవరైనా చదువుకోవచ్చు. రెండో దారి వర్షమాపకం. ఎవరినీ అడగకుండా, మన నోడ్ మీద పడింది మాత్రం కొలుచుకుంటాం.

పోయిన వానాకాలంలో ఒక రాత్రి నా వర్షమాపకం ఎండిపోయింది. బయటి నుంచి వచ్చే కనెక్షన్లు నలభై దాకా ఉండేవి, సున్నా అయిపోయాయి. నాకు టెన్షన్. 2015లో పరిశోధకులు గ్రహణ దాడి గురించి రాశారు. ఒక నోడ్ చుట్టూ దాడి చేసేవాడి నోడ్‌లే చేరి, దానికి అసలు నెట్‌వర్క్ కనబడకుండా చేయడం. అదే జరిగిందనుకుని, అందరినీ హెచ్చరిస్తూ పెద్ద మెసేజ్ కూడా టైప్ చేశాను. పంపేముందు చిత్తూరులో ఉన్న మిత్రుడికి ఫోన్ చేస్తే, "నాకు బాగానే వస్తా ఉండాయి కదన్నా" అన్నాడు.

రౌటర్ తెరిచి చూస్తే బయటి అడ్రస్ 100.72తో మొదలవుతోంది. మా ఇంటర్నెట్ కంపెనీ చెప్పాపెట్టకుండా మమ్మల్ని ఉమ్మడి అడ్రస్ కిందకి మార్చేసింది. ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక ఎందరో ఇళ్లవాళ్లు. అలాంటి చోట మనం బయటికి వెళ్లగలం కానీ, బయటివాళ్లు మన తలుపు తట్టలేరు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "రౌటర్ ఆపి ఆన్ చేయండి సార్" అన్నారు. మా ఇంటికే సొంతంగా ఉండే మారని అడ్రస్‌కి, అంటే స్టాటిక్ ఐపీకి, ఇప్పుడు నెలనెలా ఎక్స్‌ట్రా కడుతున్నాను. ఈ మాట మా అమ్మ దాకా పోకూడదు.

ఆ వారం రోజులూ నా నోడ్ చచ్చిపోలేదు, ప్రతి బ్లాక్‌నూ సరిచూస్తూనే ఉంది. క్రాలర్ లెక్కలో మాత్రం లేదు. జనాభా లెక్కలకు వచ్చినాయన తలుపు తీసిన ఇళ్లను మాత్రమే రాసుకుపోతే ఎలా ఉంటుంది? ప్రపంచంలో ఇన్ని నోడ్‌లు ఉన్నాయని మ్యాప్ చూపిస్తే, అవి తలుపు తీసినవే అనుకోండి. అసలు సంఖ్య అంతకంటే పెద్దది.

కొలిస్తే ఏమొస్తుందంటారా? 2013లో జ్యూరిక్‌లో డెకర్, వాటెన్‌హోఫర్ అనే ఇద్దరు ఒక బ్లాక్ ఎంతసేపట్లో పాకుతుందో కొలిచారు. సగం నోడ్‌లకు చేరడానికి 6.5 సెకన్లు, 40 సెకన్లయినా ఇంకా 5 శాతం నోడ్‌లకు అందలేదు. ఆలస్యమైన కొద్దీ రెండు బ్లాకులు పోటీపడి బ్లాకుల గొలుసు రెండుగా చీలే అవకాశం పెరుగుతుంది. 2016లో బ్లాకులను కుదించి పంపే పద్ధతి వచ్చింది. అది ఎంత మేలు చేసిందో చెప్పాలన్నా పాత కొలత చేతిలో ఉండాలి. 2021 జులైలో ఎవరో దొంగ అడ్రసులను కుప్పలుగా నోడ్‌ల మీద కుమ్మరించారు. గమనించేవాళ్లు ఉన్నారు కాబట్టి బయటపడింది. నోడ్‌లు ఎక్కువగా నడిపే సాఫ్ట్‌వేర్ బిట్‌కాయిన్ కోర్‌లో 22.0 వెర్షన్ నుంచి ఒక పక్కవాడి దగ్గర సగటున పది సెకన్లకు ఒక్క అడ్రసే తీసుకుంటారు.

నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఇంకొకటుంది. లింకింగ్‌లయన్ అని పేరుపడ్డ ఒకరెవరో 2018 నుంచీ చాలా నోడ్‌లకు కనెక్ట్ అవుతూ, ఏ లావాదేవీ ముందు ఎక్కడ వినబడిందో వింటున్నారని 2023లో ఒక డెవలపర్ బయటపెట్టాడు. ఫలానా లావాదేవీ ఫలానా ఇంటి నుంచి మొదలైందని పట్టుకోవడానికే అయ్యుండాలి. ఇలాంటివాళ్ల కోసమే కోర్ సాఫ్ట్‌వేర్ కబురును వెంటనే చెప్పదు, బయటి నుంచి వచ్చి కనెక్ట్ అయినవాడి దగ్గర సగటున 5 సెకన్లు నాన్చుతుంది. కానీ నిజం చెప్పాలంటే, వాళ్లు చేసేదీ నేను చేసేదీ ఒకే పని. ఇద్దరం వింటున్నాం. తేడా ఎక్కడంటే, వినడానికి నేను రాసుకున్న స్క్రిప్ట్, అంటే చిన్న ప్రోగ్రామ్, మీ ముందు ఉంది, అందులో ఏ లైన్ దగ్గర ఐపీ అడ్రస్ చెరిగిపోతుందో మీరు వేలు పెట్టి చూపించగలరు. వాళ్లది చూపించలేరు.

మాటలు చాలు, స్క్రీన్ చూడండి. ఇది మా ఇంటి నోడ్. కింద నుంచి మూడో వరుసలో ఉన్న నోడ్ చూడండి: మనకు కనెక్ట్ అయి నాలుగు గంటలు దాటింది, మనం చెప్పినవన్నీ విన్నాడు, మనకు ఒక్క లావాదేవీ కూడా చెప్పలేదు. వీడితోనే మొదలుపెడదాం. వెనక లైట్లు కొంచెం ఆపండి అబ్బయ్యా.