రెండు శాతంలోకి రాని బాధ్యత

అందరికీ నమస్కారం. కామర్స్ విద్యార్థులు కాబట్టి లెక్కతోనే మొదలుపెడతాను. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నెట్‌వర్త్ (అప్పులు పోగా మిగిలే ఆస్తి) 500 కోట్లో, టర్నోవర్ 1000 కోట్లో, నికర లాభం 5 కోట్లో, లేదా అంతకు మించి ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చు పెట్టాలి. ఊళ్లలో కంపెనీ పేరుతో కనిపించే వాటర్ ప్లాంట్లు, బడి బెంచీలు చాలావరకు ఈ పద్దులోవే. మంచివే, కాదనను. బాధ్యతంటే ఇంతే అనుకోవడం దగ్గరే నాకు పేచీ.

విశాఖలో ఆర్.ఆర్. వెంకటాపురం సంగతే చూడండి. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకులోంచి, ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ అనే ద్రవం ఆవిరై ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు. లాక్‌డౌన్‌తో ఫ్యాక్టరీ ఆగింది గానీ ట్యాంకులో సరుకు అలాగే ఉంది. స్టైరీన్ వేడెక్కితే దానంతటదే పాలిమర్‌గా, అంటే ప్లాస్టిక్‌గా, మారడం మొదలవుతుంది. మారేకొద్దీ ఇంకా వేడి పుడుతుంది. అందుకే దాన్ని చల్లగా ఉంచాలి, ఆ మార్పును ఆపే రసాయనం కలుపుతూ ఉండాలి. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఏం తేల్చిందంటే, ట్యాంకు పైభాగంలో వేడి ఎంతుందో కొలిచే ఏర్పాటే లేదు. రసాయనం సరిపడా నిల్వ లేదు. సైరన్ మోగించడానికి మెయిన్ గేటుతో సహా 36 చోట్ల వీలుంది. ఒక్కచోటా ఎవరూ నొక్కలేదు.

ఇప్పుడొక ప్రశ్న. ఆ సైరన్ ఖర్చు, ట్యాంకు పైన పెట్టాల్సిన సెన్సర్ ఖర్చు సీఎస్ఆర్‌లో చూపించవచ్చా? కుదరదు. మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పనులు ఆ పద్దులోకి రావని రూల్సే చెబుతున్నాయి. సరైన రూలే. పక్క ఊరి ప్రాణం తీయకుండా ఉండడం దానధర్మం కాదు కదా! కానీ దీని ఫలితం చూడండి. వాటర్ ప్లాంటు ఫొటో వార్షిక నివేదికలో రంగుల పేజీకెక్కుతుంది. సెన్సర్ మెయింటెనెన్స్ ఖర్చులో కలిసిపోతుంది. ఖర్చు తగ్గించమని పైనుంచి మాటొస్తే ముందు కత్తెర పడేది అక్కడే.

ఢిల్లీలో ఓలియం (ఘాటైన సల్ఫ్యూరిక్ యాసిడ్) గ్యాస్ లీకైన కేసులో సుప్రీంకోర్టు 1986లోనే తేల్చి చెప్పింది: ప్రమాదకర పరిశ్రమ వల్ల హాని జరిగితే జాగ్రత్త తీసుకున్నామన్న సాకు చెల్లదు, కంపెనీ ఎంత పెద్దదైతే పరిహారం అంత పెద్దదిగా ఉండాలి. మూడేళ్లు తిరక్కుండానే, 1989లో, భోపాల్ గ్యాస్ లీకు కేసు అదే కోర్టులో, ఆ సూత్రం వాడకుండానే, 47 కోట్ల డాలర్లకు సెటిలైపోయింది.

మీలో కొందరు రేపు ఆడిటర్లవుతారు. సీఎస్ఆర్ పేజీ కంటే ముందు మెయింటెనెన్స్ పద్దు తెరవండి, నిరుటి కంటే ఎంత తగ్గిందో చూడండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.