కొన్న వెల ఎవరు చెప్పాలి? పత్తికొండ టమోటాతో ఒక లెక్క

[తెర మీద: పత్తికొండ మార్కెట్, టమోటా గంపలు]

ధర పడిపోయినప్పుడు కర్నూలు జిల్లా పత్తికొండలో రైతులు టమోటాను రోడ్డు పక్కన పారబోసి పోవడం మనం చూసిందే. "ఎండబెట్టి పొడి చేసి అమ్మొచ్చు కదా" అంటారు చాలామంది. అమ్మొచ్చు. కానీ ఆ పనికి దిగే పిల్లలకు బడిలో, కాలేజీలో మనం ఏం నేర్పి పంపుతున్నాం?

[తెర మీద: నల్లబల్ల మీద అంకెలు]

లెక్క వేద్దాం. కిలో 5 రూపాయలనుకోండి, 100 కిలోలకు 500. టమోటాలో నూటికి 94 వంతుల దాకా నీళ్లే. ఎండితే మిగిలేది ఆరేడు కిలోలు. పుచ్చులు, మెత్తబడినవి ముందే ఏరేస్తే 5 కిలోలే అనుకుందాం. అంటే కిలో పొడికి సరుకు ఖర్చే 100 రూపాయలు. ఆపైన ముక్కలు కోసినవాళ్ల కూలి, కరెంటు, ప్యాకెట్లు, ఆటో బాడుగ, బ్యాంకు కంతు. ఇంట్లో అమ్మ, అక్క చేసిన పనికి కూలి కట్టారా? చాలామంది కట్టరు. లాభమని లెక్కేసుకునేది వాళ్ల కష్టాన్నే.

అసలు చిక్కు ఇప్పుడొస్తుంది. నాలుగు నెలలకు అదే టమోటా 30 రూపాయలైతే సరుకు ఖర్చే కిలో పొడికి 600. పాత ధరకే పొడి ఇస్తానని దుకాణాలకు మాటిచ్చి ఉంటే మునిగినట్టే. చవగ్గా ఉన్నప్పుడు ఎంత కొని నిల్వ పెట్టాలి, అందుకు డబ్బు ఎక్కడ తేవాలి? వ్యాపారమంతా ఇక్కడే ఉంది.

ఇందులో హైస్కూలు దాటిన గణితం ఏమీ లేదు. అయినా మంచి మార్కులొచ్చే పిల్లలే తడబడతారు. ఎందుకంటే లాభనష్టాల పాఠంలో కొన్న వెల, అమ్మిన వెల రెండూ మనమే ఇచ్చేస్తాం. బయట ఆ రెండూ కనుక్కోవడమే పని.

[తెర మీద: దరఖాస్తు కాగితాలు]

సొంత యూనిట్ పెట్టుకునేవాళ్లకు బ్యాంకు అప్పుతోపాటు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎంఈజీపీ పథకంలో తయారీ యూనిట్ ఖర్చు 10 లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. చదువు విషయంలో అడిగేది అంతే. ప్రాజెక్టు రిపోర్టు మాత్రం కావాలి. దాన్ని డబ్బిచ్చి ఎవరిచేతో రాయిస్తే, "సరుకు ధర పెరిగితే ఏం చేస్తావు నాయనా?" అని బ్యాంకు మేనేజరు అడిగినప్పుడు నోరు పెగలదు.

[తెర మీద: తెల్లవారుజామున మార్కెట్ యార్డు]

2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పుస్తకాల సంచి లేని 10 రోజులు ఉండాలంది, స్థానిక వృత్తులవాళ్ల దగ్గర పని చూసి నేర్చుకోవడానికి. టీచర్లకు నా విన్నపం ఒక్కటే. అందులో ఒకరోజు పిల్లల్ని యార్డుకు తీసుకెళ్లండి. వేలం చూడనివ్వండి. కమీషన్ ఎంత, హమాలీ ఎంత, చివరికి రైతు చేతికి ఎంత వచ్చిందో అడిగి రాసుకోమనండి. ఆదోనిలో పత్తి, కర్నూలులో ఉల్లి, ఎక్కడి పిల్లలకు అక్కడి సరుకు. మర్నాడు లెక్కల పీరియడ్‌లో కొన్న వెల మీరు చెప్పకండి, వాళ్లనే చెప్పనివ్వండి.