ఒకటో అడుగు

శ్రోతలకు నమస్కారం.

మాది పర్లాకిమిడి. ఒడిశా రాష్ట్రం, గజపతి జిల్లా. ఊరి పక్కన మహేంద్రతనయ నది. ఏరు దాటి కాస్త నడిస్తే ఆంధ్ర. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, సంతరోజు కొండదిగి వచ్చే సవరల మాట, మూడూ చెవిన పడుతూ పెరిగినవాళ్లం. మా కర్రసాము గురువుగారు లెక్కపెట్టడం కూడా అలాగే ఉండేది. "ఒకటి, రెండు" అని మొదలుపెట్టి, ఒడియా పిల్లల వైపు తిరిగితే "తిని, చారి" అనేవారు. మేము "గురువుగారూ" అనేవాళ్లం, వాళ్లు "ఆజ్ఞా" అనేవారు. ఎవరెలా పిలిచినా "ఊఁ" అని ఒకటే పలుకు.

ఆయన బియ్యం మిల్లులో కలాసీ. పగలంతా బస్తాలు మోసేవారు. తెల్లవారుజామున నాలుగున్నరకి మాత్రం ఏటిఒడ్డున తోటలో ఉండేవారు. చింతచెట్టు మొదట్లో సిందూరం పూసిన ఆంజనేయస్వామి రాయి, దానిముందు చదును చేసిన నేల, అదే మా గరిడీ. జీతం లేదు. దసరాకి ఒక కొబ్బరికాయ ఇస్తే తీసుకునేవారు, అంతే.

నేను చేరినప్పుడు నాకు పదకొండేళ్లు. మొదటిరోజే కర్ర గిరగిరా తిప్పేస్తానని వెళ్లాను. ఆయన నా ఎడమకాలు ముందుకి పెట్టించి, మోకాలు కొంచెం వంచమని, "నిలబడు" అన్నారు. మర్నాడూ అదే. నెల గడిచినా అదే. మధ్యమధ్యలో వచ్చి అరచెయ్యి నా మోకాలి వెనక ఆనించి చూసేవారు. కాలు వణికితే చెయ్యి తీసేవారు కాదు, వణుకు తగ్గేదాకా అక్కడే పట్టుకునేవారు. బస్తాల గోనె రాసుకుని గరుకెక్కిన అరచెయ్యి. నెలన్నరకి ఉండబట్టలేక అడిగాను.

"గురువుగారూ, కర్ర ఎప్పుడిస్తారు?"

"కర్రకి బరువేటుందిరా? బరువంతా నీదే. ముందు దాన్ని మొయ్యడం రానీ."

నాకు కోపం వచ్చింది. మర్నాడు కావాలనే ఆలస్యంగా వెళ్దామనుకుని, ఎందుకో మెలకువ వచ్చి ముందే వెళ్లాను. తోటలో ఇంకా చీకటి. ఆయన ఒక్కరే ఉన్నారు. ఎడమకాలు ముందుకి పెట్టి, మోకాలు వంచి, చేతిలో కర్ర లేకుండా, నాకు చెప్పిన ఒకటో అడుగే వేస్తున్నారు. వేస్తున్నారు, వెనక్కి తీస్తున్నారు, మళ్లీ వేస్తున్నారు. అప్పటికే ఆయనకి అరవై దాటాయి. నలభై ఏళ్లుగా సాము చేస్తున్న మనిషి. ఆ పూట నుంచి కర్ర ఎప్పుడని మళ్లీ అడగలేదు.

ఈ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత, కరాటే చరిత్ర చదువుతుంటే మళ్లీ కళ్లముందుకొచ్చింది. జపాన్‌కి దక్షిణాన ఒకినావా దీవులున్నాయి. 1868లో అక్కడ పుట్టిన గిచిన్ ఫునాకోషి, బడిపంతులు. చిన్నతనంలో ఆంకో అజాతో అనే గురువు దగ్గర విద్య నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో అక్కడ ఈ విద్యను బాహాటంగా నేర్పేవారు కాదు. రాత్రివేళ లాంతరు పట్టుకుని గురువు ఇంటికి నడిచి వెళ్లేవాడు. అజాతో వసారాలో కదలకుండా కూర్చుని చూసేవాడు. శిష్యుడు పెరట్లో ఒకే కటా, అంటే ఒకే అడుగుల వరస, రాత్రి తర్వాత రాత్రి, నెలల తరబడి చేసేవాడు. గురువు నోట "ఇంకోసారి" అన్న మాటే ఎక్కువగా వినపడేది. ఆ శిష్యుడే 1922లో, యాభయ్యేళ్లు దాటాక, టోక్యో వెళ్లి కరాటేని ప్రదర్శించాడు. ఇవాళ మన వీధుల్లో పిల్లలు నేర్చుకుంటున్న షోటోకాన్ పద్ధతి ఆయన శిష్యపరంపరదే.

జూడో నెలకొల్పిన జిగోరో కానో గురువు ఇంకో రకం. కుర్రతనంలో కానో, తన గురువు ఫుకుదాని "ఇందాక నన్ను ఎలా పడేశారు, చెయ్యి ఎక్కడ, కాలు ఎక్కడ?" అని అడిగితే, ఆయన జవాబు చెప్పకుండా "రా" అని మళ్లీ పడేశాడట. మళ్లీ అడిగితే మళ్లీ పడేశాడు. కానో ఆ దెబ్బలన్నీ తిన్నాడు. కానీ 1882లో టోక్యోలో ఒక గుడి ఆవరణలో కొద్దిమంది శిష్యులతో తన సొంత బడి పెట్టినప్పుడు, ఎందుకు పడతాం, ఎదుటివాడి తూకం ఎక్కడ చెదురుతుంది అన్నది విడమరిచి చెప్పడం మొదలుపెట్టాడు. గురువు దగ్గర తనకి దొరకనిదాన్ని శిష్యులకి ఇచ్చాడన్నమాట. నాకు ఫుకుదా కంటే కానోయే ఎక్కువ నచ్చుతాడు. మా గురువుగారికి మాటలు తక్కువే, కానీ అడిగినవాణ్ణి ఎప్పుడూ పడెయ్యలేదు.

జపాన్ దాకా ఎందుకు? మా పక్కనే ఉన్న వీరఘట్టంలో పుట్టినవారు కోడి రామమూర్తిగారు. గుండెలమీద ఏనుగుని ఎక్కించుకోవడం, ఇనప గొలుసులు తెంచడం అందరికీ తెలుసు. ఆయన మొదట వ్యాయామ ఉపాధ్యాయుడన్నది చాలామందికి గుర్తుండదు. మద్రాసు సైదాపేటలో శిక్షణ పొంది వచ్చి, విజయనగరంలో తాను చదివిన హైస్కూల్లోనే పిల్లల చేత కసరత్తు చేయించారు. చివరి రోజులు మా ఒడిశాలోనే, బలంగీర్ వైపు గడిచాయి. 1942లో పోయారు. మా గురువుగారు ఆ పేరు ఎత్తినప్పుడల్లా చెయ్యి నుదుటికి తాకించుకునేవారు.

ఇంకో సంగతి చెప్పాలి. పద్నాలుగో ఏట, దసరా ముందు, జోడు కర్రలతో ఆడుతుంటే నా కర్ర జారి ఎదుటి పిల్లాడి వేళ్లమీద పడింది. ఒడియా పిల్లాడు, నాకంటే చిన్నవాడు. జారిందని అందరికీ చెప్పాను. నిజానికి జారలేదు. అంతకుముందు రోజు వాడు ఆటలో నన్ను బాగా ఓడించాడు, అది నా కడుపులో ఉంది. గురువుగారు నా మొహం చూశారు, ఒక్క మాట అనలేదు. పసుపూ సున్నం కలిపిన పట్టు తయారుచేయించి నా చేతికిచ్చి, "వాడి చెయ్యి తగ్గేదాకా రోజూ నువ్వే వెయ్యాల" అన్నారు. పన్నెండు రోజులు వాళ్లింటికి వెళ్లాను. మొదటి రెండ్రోజులు వాళ్లమ్మ నాతో మాట్లాడలేదు. మూడోరోజు ముందు గిన్నె పెట్టింది, పఖాళ, వాళ్లింటి చద్దన్నం. వాచిన ఆ వేళ్లు ఒక్కొక్కటీ పట్టుకుని పట్టు వేస్తుంటే వాడు పళ్లు బిగపట్టేవాడు. ఆ వేళ్ల బరువు నాకు ఇప్పటికీ తెలుసు. ఆ తర్వాత నా కర్ర ఎవరి నుదుటి దాకా వెళ్లినా, బెత్తెడు దూరంలో ఆగింది. ఆపమని ఆయన నాకు ఏనాడూ చెప్పలేదు.

ఇప్పుడు మా మనవరాలికి తొమ్మిదేళ్లు. కరాటే నేర్చుకుంటానంది. మొదట ఒకచోట చేర్పించాం. మూడు నెలలకో బెల్టు, బెల్టుకో ఫీజు, కట్టినవాళ్లందరూ పాస్. రెండో బెల్టు వచ్చేనాటికి కూడా పిల్లకి సరిగ్గా నిలబడడం రాలేదు. నేను బాధపడ్డాను. ఎంత డబ్బు పోయిందని కాదు. ఆ పిల్ల తనకి వచ్చేసిందని నమ్ముతోంది, అందుకు.

తల్లిదండ్రులు ఎవరైనా వింటుంటే ఒక మాట. గురువుని వెతికేటప్పుడు గోడమీద పతకాలు తర్వాత చూడండి. క్లాసు మొదలవడానికి అరగంట ముందు వెళ్లండి, చెప్పకుండా వెళ్లండి.

నేనలాగే ఇంకోచోటికి వెళ్లాను. మేడమీద చిన్న హాలు. గుమ్మం దగ్గర ఒక్క జత చెప్పులే ఉన్నాయి. లోపల నేర్పే అమ్మాయి ఉంది, పాతికేళ్లుంటాయేమో. నడుముకి నల్లబెల్టు, అంచులు దారాలు లేచి తెల్లబడిపోయింది. అద్దం లేదు, చూసేవాళ్లు లేరు. ఎడమకాలు ముందుకి పెట్టి, మోకాలు వంచి, పిల్లలకి మొదటిరోజు చెప్పే అడుగు వేస్తోంది. వెనక్కి తీసి, మళ్లీ వేస్తోంది.

నేను చప్పుడు చెయ్యకుండా కిందికి దిగి వచ్చేశాను. సాయంత్రం పిల్లని తీసుకెళ్లి అప్పగించి, మెట్లమీద కూర్చున్నాను. లోపల జపాన్ భాషలో లెక్క మొదలైంది. "ఇచి, ని, సాన్..." పిల్లల గొంతుల్లో మా పిల్ల గొంతు పోల్చుకున్నాను. అరగంట దాటినా లెక్క మూడు దాటలేదు.

నమస్కారం.