మాకోలం ఆరేలోగా

అందరికీ నమస్కారం. చెన్నైలో కంపెనీలు నడుపుతున్న తెలుగువారు ఇంతమంది ఒకచోట కూర్చున్నారు కనుక సూటిగా విషయంలోకి వస్తాను. కంపెనీ విందుల ఏర్పాట్లు నా వృత్తి. ‘విదేశీ అతిథులు వస్తున్నారు, కాస్త ఇక్కడి సంస్కృతి కనిపించాలి’ అని మీలో చాలామంది నన్ను అడిగారు. ఆ పని చేతులతో చేసేవారిని పిలుద్దాం, వారికి కావలసినంత సమయం ఇద్దాం అని నేను ప్రతిసారీ అంటాను.

ముగ్గు సంగతే చూడండి. హోటల్ గుమ్మంలో ప్లాస్టిక్ ముగ్గు అతికించడం రెండు నిమిషాల పని. ఒక ధనుర్మాసంలో మేము మైలాపూరు నుంచి ఒక పెద్దావిడను పిలిపించాం. నున్నటి గ్రానైట్ మీద పొడి ముగ్గు నిలవదు. ఆవిడ నేలను అరచేత్తో తడిమి చూసి, బియ్యం నానబెట్టి రుబ్బిన పిండి తెప్పించమన్నారు. చిన్న గుడ్డముక్కను అందులో ముంచి గుప్పిట పట్టి, ఉంగరపు వేలి కొస నుంచి పిండి జారుతుంటే గీత వెంట గీత లాగారు. తడి మీద గీత సరిగా కనిపించదు, ఆరేకొద్దీ తెల్లగా తేలుతుంది. చుట్టూ కావి అంచు. తమిళులు దీన్ని మాకోలం అంటారు. అతిథులు కార్లు దిగే వేళకు ఆవిడ ఇంకా చివరి మెలిక తిప్పుతున్నారు. వచ్చినవాళ్లు లోపలికి వెళ్లడం మరిచి అక్కడే నిలబడ్డారు. లోపలి పూల వేదిక ముందు ఎవరూ అంతసేపు ఆగలేదు.

నాదస్వరం ఆరుబయటి వాద్యం, కోవెల వీధులంతా వినిపించాలి. దాన్ని ఏసీ హాలులో ఒక మూల పెడితే పక్కవారి మాట వినపడదు. ఒక విందులో ఎవరో వెళ్లి ‘కాస్త తగ్గించండి’ అన్నారు. నాదస్వరానికి తోడుగా తవిల్ అనే డోలు వాయించే విద్వాంసుడు కుడిచేతి వేళ్ల తొడుగులు ఒక్కొక్కటిగా తీసి పక్కన పెట్టిన తీరు నేను మరిచిపోలేను. ఆ మూల ఎంచింది మేమే. అందుకే చెబుతున్నాను, వారిని బయట, అతిథులు నడిచే దారి పక్కన కూర్చోబెట్టండి. స్వామి ఊరేగింపుకు వాయించే మల్లారిని మీ చైర్మన్ రాకకు వాయించమని మాత్రం అడగకండి.

తెలుగువాళ్లం కనుక పూతరేకులు, కొండపల్లి బొమ్మలు పెడదామనిపిస్తుంది. ఆ మమకారం నాకూ ఉంది. కానీ ఆతిథ్యమిస్తున్న ఊరు చెన్నై. కావేరి ఒడ్డున తిరువయ్యారులో ఉండి త్యాగరాజు తెలుగులో కట్టిన కీర్తనలను ఈ ఊరి సంగీత సభలు ఏటా డిసెంబరులో నెత్తిన పెట్టుకుంటాయి. ఇంతకు మించిన చుట్టరికం ఏం కావాలి? లోపల గాత్రం, వీణ పెట్టించి ఒక కీర్తన అడగండి, మన భాష తనంతట తానే వచ్చి చేరుతుంది.

పన్నీరు, పటికబెల్లం అందరికీ ఇవ్వవచ్చు. గంధం, కుంకుమ పళ్లెంలో చూపండి, నుదుట పెట్టుకోవడం అతిథి ఇష్టం. తిరుగు కానుకకు పసుపు గుడ్డ సంచి చాలు. 2021 డిసెంబరులో తమిళనాడు ప్రభుత్వం ‘మీండుం మంజప్పై’ పేరుతో మళ్లీ వాడకంలోకి తెచ్చిన సంచి అది. దాని మీద మీ కంపెనీ పేరు చిన్నగా ఉండనివ్వండి.

కాఫీకి డికాషన్ అదే రోజు దిగాలి, అతిథి కళ్లెదుటే డబరాలో తిరగబోయాలి. మొదటి గ్లాసు మాత్రం ముగ్గు వేస్తున్న ఆవిడకు, నాదస్వరం బృందానికి. మా పనుల పట్టికలో సాయంత్రం 5 గంటల ఎదుట ఇప్పుడు అదే రాసి ఉంటుంది.